అమ్మను ‘మీరు’ అన్న రోజు

విరుదునగర్ కాలేజీలో చేరిన మొదటి నెల అది. శనివారం మధ్యాహ్నం సీనియర్ల రూములో కొత్తవాళ్లకు పార్టీ అన్నారు. వద్దంటే పల్లెటూరివాడని నవ్వుతారని రెండు బీర్లు తాగాను.

వాసన పోవాలని కోవిల్‌పట్టి బస్సులో దారంతా వేరుశనగ చిక్కీ నమిలాను. ఇంటికి చేరేసరికి అమ్మ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చి ఉంది. తూలకుండా నడిచాను. చెప్పులు వరసగా విడిచాను. అంతా సరిగ్గానే చేస్తున్నాననుకున్నాను.

“అన్నం తింటివా నాయనా?” అని అడిగింది అమ్మ.

“సాప్టేన్. నీంగ సాప్టీంగళా?” అన్నాను, ఎంతో మర్యాదగా.

మాకు గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. అమ్మతో నేను ఏనాడూ తమిళం మాట్లాడలేదు. పైగా ‘నీంగ సాప్టీంగళా’ అంటే ‘మీరు తిన్నారా’ అని. మా ఇంట్లో అమ్మను ఎవరూ మీరనరు. జాగ్రత్తగా మాట్లాడాలన్న కంగారులో కాలేజీలో మాట్లాడే మాటే వచ్చేసింది.

అమ్మ దగ్గరికొచ్చి వాసన చూడలేదు. అన్నం గిన్నె మీద మూత పెట్టి, “తాగితే తాగితివి. నేను నీకు బయటి మనిషిని ఎప్పుడైతినిరా?” అంది.

తిట్టి ఉంటే మరిచిపోయేవాణ్ణి.

ఇప్పుడు ఫైనలియర్‌లో ఉన్నాను. పార్టీలకు పోతాను, సోడా తాగి వస్తాను. ఇంటికి రాగానే నేనే ముందు “తింటివా అమ్మా?” అంటాను. అమ్మ ఆ మాట ఏ భాషలో వచ్చిందో విని, ఆ తర్వాతే అన్నం పెడుతుంది.