ఆర్విడ్ బావ తుపాకీ చెక్క

ఆ ఏడు వసంతమంతా మా అక్క లవెర్నా ఇంట్లో భోజనాల బల్ల మీద ఎవరూ భోజనం చేయలేదు. బల్ల చివర వస్తువుల్ని కదలకుండా పట్టే ఇనుప వైస్ బిగించి, అందులో మా బావ ఆర్విడ్ తన తుపాకీని పట్టి ఉంచాడు. ఆదివారాలు నేను వెళితే ముగ్గురం పళ్లాలు ఒళ్లో పెట్టుకుని తినేవాళ్లం.

అది బావ వాళ్ల నాన్న ఇచ్చి పోయిన తుపాకీ. వాల్‌నట్ చెక్క, బోల్టు లాగి గుండు ఎక్కించే రకం. అంతకుముందు శరదృతువులో సన్నటి జల్లు పడుతుండగా, కొండ వాలులో ఒక మగ ఎల్క్ దుప్పి అడ్డంగా, కదలకుండా నిలబడింది. బావ కాల్చాడు. దుప్పి తల ఎత్తి మా వైపు ఒకసారి చూసి, తీరిగ్గా పైన్ చెట్లలోకి వెళ్లిపోయింది. పక్కనున్న నాకే సిగ్గేసింది.

"చెక్క తడికి ఉబ్బిందిరా మెర్విన్. గొట్టాన్ని పక్కకి తోస్తోంది," అన్నాడు బావ. చలికాలమంతా అదే మాట.

మాటలో అబద్ధం లేదు. తుపాకీ ఇనుము చెక్కలోని గాడిలో సరిగ్గా కూర్చోకపోతే, పేల్చిన ప్రతిసారీ ఏ మూలో కాస్త కదులుతుంది. అప్పుడు గుండు ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ. దానికి మందు, గాడిని కొంచెం చెక్కి ఎపాక్సీ జిగురు పోసి, ఇనుముకు మైనం పూసి అందులో కూర్చోబెట్టడం. జిగురు గట్టిపడ్డాక ఇనుముకు అచ్చు దిగినట్టు పడక తయారవుతుంది. మైనం ఉంది కాబట్టి ఇనుము మళ్లీ బయటికి రావాలి.

బావది రాలేదు.

రంపపు మిల్లులో రంపాల పళ్లు సానబెట్టి బతికిన మనిషి, చేతి పనిలో తప్పు చేయడని ఊరంతా అనేది. ఇనుముకు బూట్ల పాలిష్ అద్దంలా మెరిసేలా పూశాడు. కానీ అడుగున ఒక చిన్న చిల్లిని బంకమట్టితో పూడ్చడం మరిచాడు. జిగురు అందులోకి దిగి మేకులా బిగుసుకుంది. రబ్బరు సుత్తితో కొట్టాడు, మోకాళ్ల మధ్య పెట్టి లాగాడు, నార్వే నుంచి వచ్చిన వాళ్ల తాత తిట్లన్నీ తిట్టాడు. చివరికి కుర్చీలో కూలబడి తుపాకీ వైపు చూస్తూ ఉండిపోయాడు.

అక్క దాన్ని గోనెసంచిలో చుట్టి తీసుకెళ్లి మాంసం పెట్టుకునే పెద్ద ఫ్రీజర్‌లో పడుకోబెట్టింది.

"మా నాన్న తుపాకీ నీ సాసేజ్ పొట్లాల పక్కనా?" అన్నాడు బావ.

"చలికి ఇనుము ముడుచుకుంటుంది. ఊరుకో. నీ కోపం కూడా కాసేపు అందులోనే పెట్టు."

మర్నాడు సుత్తి దెబ్బకు ఇనుము ఊడింది. దానితో పాటు పడకలో ఒక పెచ్చు కూడా లేచింది. బావ మొదటి నుంచి మొదలుపెట్టాడు. రెండోసారి ఇనుము శుభ్రంగా వచ్చింది. గొట్టం కింద కాగితం ముక్క పెట్టి లాగితే ఎక్కడా తగలకుండా చివరి దాకా జారింది. నాకు చూపించి, చాలా కాలం తర్వాత నవ్వాడు.

గురి చూసుకోవడానికి ఊరి బయట కంకర గోతి దగ్గరికి వెళ్లాం. ఇసుక సంచుల మీద తుపాకీ ఆనించి కాల్చాడు. గురి అట్ట మీద చిల్లులు ఎవరో గులకరాళ్లు విసిరినట్టు పడ్డాయి.

ఇంటికొచ్చి మరలు విప్పి బిగించాడు. దుర్బీను మార్చాడు. తూటాల పెట్టె మార్చాడు. తప్పు గాలిదన్నాడు. పడక మొత్తం గీకేసి మూడోసారి పోశాడు. ఎన్నిసార్లు వెళ్లినా అదే వరస.

"బావా, ఒకసారి నన్ను కాల్చనీ," అన్నాను.

"నీకు దుర్బీనులోంచి చూడ్డమే రాదు. పక్కకి జరుగు."

ఆ తర్వాతి ఆదివారం అక్క కూడా మాతో ట్రక్కు ఎక్కింది. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. చిన్నప్పుడు మా పశువుల దొడ్డి దగ్గర నక్కలను కాల్చింది తనే, నేను కాదు.

"నా బల్ల నాకు కావాలి. లే," అంది గోతి దగ్గర.

బావ గొణుక్కుంటూ లేచాడు. అక్క తొందరపడకుండా మూడు కాల్చింది. వెళ్లి చూస్తే మూడు చిల్లులూ ఒకదాన్నొకటి రాసుకుని ఉన్నాయి. సీసా మూత పెడితే కప్పేసేటట్టున్నాయి.

"గాలి ఆగింది," అన్నాడు బావ.

"ఆగిందిలే. అయితే నువ్వు కాల్చు. నేనే ఎక్కించి ఇస్తాను."

తను అటు తిరిగి, పేలిపోయిన ఖాళీ తూటా గొట్టంలోకి తోసి, బోల్టు మూసి ఇచ్చింది. అది నేను చూశాను, బావ చూడలేదు. చెంప ఆనించి, ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు. టిక్కుమంది, అంతే. కానీ గొట్టం మూతి దబ్బున కిందికి పోయింది. కళ్లు గట్టిగా మూసుకుపోయాయి. భుజం దానంతట అదే వెనక్కి లాగేసుకుంది.

ముగ్గురం చూశాం.

ఏళ్ల క్రితం మిల్లులో దుంగ జారి పడింది ఆ కుడి భుజం మీదే. తుపాకీ తన్నక ముందే భుజం భయపడుతోంది.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?" అన్నాడు బావ.

"పోయిన శరత్తులో దుప్పి తప్పిన నాటి నుంచి. చెబితే వినేవాడివా?"

"మూడుసార్లు పోశాను లవెర్నా. మూడుసార్లు!"

"పడక బాగా కుదిరిందయ్యా. అది నీ పనే కదా."

ఆ మెప్పే ఆయన్ని ఎక్కువ కాల్చింది. ఇంటికి రాగానే వైస్ ఊడదీసి గరాజ్‌లో పారేశాడు. చాలా రోజులు అక్కతో కాఫీ కావాలా వద్దా అన్నంత వరకే మాట్లాడాడు. తర్వాత ఉడుతల్ని కొట్టే చిన్న తుపాకీ పట్టుకుని, ఏది వస్తుందో తనకు తెలియకుండా ఖాళీ తూటాలూ మంచి తూటాలూ నా చేత కలిపి ఎక్కించుకుని, పెరట్లో సాధన మొదలుపెట్టాడు. మూతి కిందికి వంగిన ప్రతిసారీ తనను తానే తిట్టుకునేవాడు. తిట్లు తగ్గాయి గానీ ఆగలేదు.

ఆ శరత్తులో పెద్ద తుపాకీ అక్క చేతికిచ్చాడు. ఇచ్చేటప్పుడు ముఖం పక్కకి తిప్పుకున్నాడు. తెల్లవారి మంచు కరుగుతుండగా అక్క లోయ అడుగున ఒక ఆడ ఎల్క్‌ను ఒక్క గుండుతో పడేసింది. బావ కత్తి తీసి, మోకాళ్ల మీద కూర్చుని దాన్ని చీల్చడం మొదలుపెట్టాడు.

"ఇంత లోతులో పడేశావు. పైకి ఎవరు మోస్తారు?" అన్నాడు.

"నీకు ఎడమ భుజం బాగానే ఉందిగా," అంది అక్క.

బావ తొడ మాంసం ఆ భుజానికెత్తుకుని, సణుగుతూనే, వాలు ఎక్కసాగాడు.