కోడిగుడ్డు ముట్టని యోసేపు మామ

వరంగల్‌లో మా వాడ చర్చి గంటను యోసేపు మామ తప్ప ఇంకొకరు కొట్టగా నేను వినలేదు. వారమంతా బియ్యం మిల్లులో బస్తాలు మోసి, ఆదివారం ఆ తాడు పట్టుకున్నాడంటే రైలు పట్టాల అవతలిదాకా మోగాల్సిందే. అలాంటి మనిషి 1984 ఎండాకాలంలో తాడు లాగితే గంట ఒక్కసారి మూలిగి ఊరుకుంది. అరవై రెండేళ్లు. చొక్కాలో జబ్బలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. అయినా దవాఖానకు రానని మొండికేశాడు. గంట ఇంకొకరికి అప్పజెబుతారని ఆయన భయం. చివరికి ఆయన భార్య రాహేలత్త, నేను చెరో రెక్క పట్టుకుని తీసుకుపోయాం.

డాక్టర్ శారద రక్తపరీక్ష కాగితం చూసింది. "రక్తంల ఉండాల్సిన ప్రోటీన్ బాగ తక్కువుంది. కిడ్నీలు, లివర్ మంచిగనే ఉన్నయి. తిండి చాలక కండ కరిగిపోతాంది. ఈ వయసుల ఇంకా ఎక్కువ తినాలె. గుడ్లు, పాలు తీసుకుంటున్నవా పెద్దాయనా?"

మామ తల దించుకున్నాడు.

"గుడ్డు వాసన పడదమ్మా ఆయనకు," అంది అత్త. "పదకొండేండ్ల సంది ముట్టడు. కూరల ముక్కలు గూడ నాకే ఏస్తడు."

"పడక గాదు," అని గొణిగాడు మామ. "నీకు టైఫాయిడ్ వచ్చి మాట పడిపోయిననాడు మొక్కిన. నువ్వు బతికితె గుడ్డు, మాంసం, పాలు ముట్టనని. బతికినవ్. ఇప్పుడు తింటె..." అంటూ అత్త వైపు చూశాడు.

నాకు ఒళ్లు మండింది. దేవుడితో ఇదేం బేరమని గట్టిగా దులపబోయి, అత్త ముఖం చూసి నోరు మూసుకున్నాను. పదకొండేళ్లుగా తన పళ్లెంలో పడ్డ ముక్కలన్నీ ఆమెకు ఒక్కసారే గుర్తొచ్చినట్టున్నాయి.

ఇంటికి రాగానే అత్త గుడ్డు ఉడకబెట్టి, పొట్టు తీసి, ఉప్పు అద్ది మామ ముందు పెట్టింది.

"మొక్కేటప్పుడు నన్నడిగినవా? నువ్వు లేని బతుకు నాకెందుకయ్యా? దేవుడు గంత చెడ్డోడు గాదు. తిను."

"నీకేమన్న అయితె?"

"ఇగో, ఈడనే కూసున్న గదా."

మామ ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకుని, కుడిచేత్తో గుడ్డు కొరికాడు. ఏడుస్తూనే నమిలాడు. గుడ్డంతా అయిపోయింది.

"జర వదులయ్యా, చెయ్యి నొస్తాంది," అంది అత్త.

మామ వదల్లేదు.