గురునాథరావు సమ్మె జాగ్రత్తలు

ఇంటి గుమ్మం దాటేముందు మనిషి ఏం చేయాలన్న విషయంలో మానవజాతి ఇంతవరకు ఒక నిర్ణయానికి రాలేదు. కొందరు శకునం చూస్తారు, కొందరు గొడుగు వెతుకుతారు. ఈ చిక్కును శాశ్వతంగా తేల్చిన మహానుభావుడు విశాఖ రేవులో ఇనుప ఖనిజం ఎగుమతి చేయించే మేస్త్రీ గురునాథరావు. గాజువాక దాకా వెళ్లాలన్నా ఆయన వీధిలోకి తొంగి చూసి, "ఇయ్యాల సమ్మేటైనా ఉందేటి?" అని అడిగాకే చెప్పులు తొడిగేవాడు.

ఈ ఆచారానికి పునాది డెబ్బై నాలుగు మే నెలలో పడింది. రైల్వే సమ్మె జోరుగా సాగుతుంటే, "ఒక్క బండైనా రాకపోదు" అంటూ దువ్వాడ స్టేషన్లో ట్రంకుపెట్టె మీద ఒకటిన్నర రోజు కూర్చుని, తునిలో బావమరిది పెళ్లికి అందలేకపోయాడు. భార్య చిలకమ్మ ఆ మాట ఎత్తని పండగ లేదు. అప్పట్నుంచి ఏ ప్రయాణమైనా సరే, నాలుగు దారులు కాగితం మీద పెట్టందే ఆయన కదిలింది లేదు.

డెబ్బై ఆరు వసంతంలో కొత్త యంత్రాల పని నేర్చుకోమని ఆయన్నీ, తోటి మేస్త్రీ తాతబాబునూ మూడు వారాలు జపాను పంపించారు. పదకొండేళ్లుగా మొగుడి చొక్కాల్లోంచి ఎర్రదుమ్ము ఉతికిన చిలకమ్మ, పెట్టె సర్దుతూ ఒక్కటే కోరింది.

"అంత మట్టీ ఓడలకెత్తి పంపుతన్నారు గదా, అదెక్కడికెల్తందో ఎవులైనా సూసేరా? సూసి రా. ఉత్తినే సముద్రంలో పోసేత్తన్నారేమో!"

గురునాథరావుకు నిద్ర పట్టలేదు. పదకొండేళ్ల చాకిరీ ఎక్కడ దిగిందో కళ్లతో చూడకుండా తిరిగొస్తే ఆమెకు ఏ మొహం పెట్టుకుని చెప్పడం?

శిక్షణ టోక్యోలో. ఖనిజం దిగే ఉక్కు కర్మాగారం ఒకటి ఉత్తరాన హొక్కైడో దీవిలో ఉంది. సెలవు శని, ఆదివారాలే; విమానం తప్ప గతి లేదు. బతిమాలగా బతిమాలగా శిక్షణాధికారి సాతో గారు టిక్కెట్లు ఇప్పించారు. ఇప్పిస్తూ, వచ్చే బుధవారం రవాణా వాళ్ల సమ్మె ఉండవచ్చుననీ, తెల్లవారి మొదలై పది గంటలకు అయిపోతుందనీ మర్యాదగా తెలియజేశారు.

తాతబాబు పకపకా నవ్వాడు. "గంట సెప్పి సేసేది కూడా సమ్మేనేటి బావా!"

"అందులోనే ఉంది మతలబు. మనల్ని బుధారం కేసి సూడమని, శనారం ఆపేత్తారు. నాను దువ్వాడలో కూకున్నోణ్ణి, నాకు సెప్పకు."

శుక్రవారం సాయంత్రం పథకం సిద్ధమైంది. విమానాశ్రయానికి మొదటి దారి మోనోరైలు, అంటే స్తంభాల మీద గాలిలో పోయే రైలు. రెండోది బస్సు. మూడోది టాక్సీ. నాలుగోది కాళ్లు. మధ్యాహ్నం ఒంటిగంట విమానానికి పొద్దున్న ఆరింటికే బయల్దేరారు. గురునాథరావు గుండె పెళ్లికొడుకు గుండెలా కొట్టుకుంటోంది.

స్టేషన్లో టిక్కెట్లకు చిల్లు పెడుతున్న గుమాస్తా చేతికి ఎర్రగుడ్డ కట్టి ఉంది! విశాఖలో వాళ్ల రేవు కూలీలు నల్ల బ్యాడ్జీ పెడితే సమ్మె వారంలో ఉందని లెక్క. ఎర్రగుడ్డ కడితే ఈ క్షణమే. ఆ దేశంలో ఎర్రగుడ్డ కట్టుకుని పని చేస్తూనే కోరికలు చెప్పుకుంటారన్న సంగతి ఆయనకు తెలియదు.

"ఎనక్కి తిరుగు బావా! ఎక్కినాక గాల్లో ఆపేత్తే ఎలా దిగుతాం?" అంటూ గురునాథరావు తాతబాబును బయటికి లాగాడు.

బస్సు కండక్టరు చేతికీ ఎర్రగుడ్డే. టాక్సీవాడి చేతికి ఏమీ లేదు. "ఇంకా కట్టుకోనేదు, అంతే" అని గురునాథరావు కాగితం మీద మూడో దారినీ కొట్టేశాడు. నాలుగో దారి మిగిలింది. చెరో సంచీ భుజానికెత్తుకుని, దారి తప్పకుండా మోనోరైలు స్తంభాల వెంటే నడక సాగించారు.

పావుగంటకు నెత్తి మీంచి రైలొకటి రయ్యిమని పోయింది.

"బావా, అదేటి?"

"ఆకరి బండి."

కాసేపటికి ఇంకొకటి పోయింది. కిటికీలోంచి ఒక పిల్ల చెయ్యి ఊపింది.

"మరిదేటి?"

"ఇదీ ఆకరిదే. ఇందాకటిదానికి తోడు."

నలభై మూడో ఆకరి బండి దగ్గర తాతబాబు లెక్క మానేసి తిట్లు మొదలెట్టాడు. బొబ్బలెక్కిన కాళ్లతో విమానాశ్రయం చేరేసరికి పది కొట్టింది. ఇంకా మూడు గంటల టైముంది. "సూసేవా! ముందుసూపంటే ఇది!" అని గురునాథరావు వెలిగిపోయాడు.

విమానం లేచినప్పుడు ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. మబ్బులు దాటాయి, సముద్రం దాటింది, మంచుకొండలు దాటాయి. సాయంత్రానికి కర్మాగారం రేవులో నిలబడితే, ఎదురుగా అదే ఎరుపు, అదే దుమ్ము, మూడంతస్తుల మేడంత కుప్ప. "మన రేవుదే బావా! మన కట్టమే!" అంటూ గురునాథరావు పరుగెత్తి, చెప్పులు విప్పి, చిటికెడు తీసి నుదుట పెట్టుకున్నాడు. తాతబాబు కూడా కళ్లు తుడుచుకుని దండం పెట్టాడు.

రేవు చూపించడానికి వెంట వచ్చిన కర్మాగారం గుమాస్తా తనూ ఒకసారి వంగి, చేతిలోని కాగితం చూసి నెమ్మదిగా చెప్పాడు. ఆ కుప్ప ఆస్ట్రేలియా నుంచి వచ్చింది.