నేను తోమని బుట్ట

ఈ సంగతి ఇంతవరకు ఎవరూ నా నోట పూర్తిగా వినలేదు. చెప్పబోతే వినేవాళ్ళు దొరకలేదు. హట్టిలో మొదలుపెడితే "మళ్ళీ ఆ బుట్ట గొడవేనా" అని టీ గ్లాసులు పట్టుకుని పక్క బెంచీకి జరిగేవారు. మస్కిలో మా ఇంట్లో మొదలుపెడితే మా నాన్న టీవీలో వార్తల శబ్దం పెంచేవాడు. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడకు చెప్పాను. ఆమె సగం దాకా ఓపిగ్గా విని, "అన్నీ బాగనే ఉన్నయి గని, ఇంతకూ మీరెందుకు తోమిండ్రు?" అంది. (ఆ రోజు నుంచి ఆమెతో ఈ విషయం మాట్లాడటం మానేశాను. మిగతా విషయాలు మాట్లాడుతూనే ఉన్నాను.) చెప్పి చెప్పి అలిసిపోయాను. అందుకే రాస్తున్నాను. చదివేవాళ్ళు మధ్యలో లేచిపోయినా నాకు కనబడదు, అదొక సుఖం.

అప్పటికి నా తల మీద జుట్టు ఒత్తుగా ఉండేది. మనుషుల మీద నమ్మకం కూడా దాదాపు అంతే ఒత్తుగా ఉండేది. రాయచూరు జిల్లా హట్టి బంగారు గనిలో కొత్తగా ఉద్యోగంలో చేరి, ఒక పాత క్వార్టర్‌లో ముగ్గురం ఉండేవాళ్ళం. నేను మస్కి వాణ్ణి. రెండోవాడు రాయచూరు వాడు. వాడి చెవిన పడిన మాట సాయంత్రానికల్లా కాలనీ అంతా వినబడేది కనుక వాణ్ణి రేడియో అనేవాళ్ళం. మూడోవాడు మా ఇద్దరికంటే పెద్ద, బజ్జీ అన్న. ఆయనది బాళగనూరు దగ్గర ఒక క్యాంపు. తుంగభద్ర కాలువ వచ్చినప్పుడు కోస్తా నుంచి వచ్చి వరి వేసుకున్నవాళ్ళ ఊళ్ళను మా వైపు క్యాంపులంటారు. అన్నకు అప్పటికే పెళ్ళయింది గానీ, ఫ్యామిలీ క్వార్టర్ రాలేదని వదినను క్యాంపులోనే ఉంచాడు. ఆ దిగులంతా మిర్చి బజ్జీల మీద తీర్చుకునేవాడు. షిఫ్టు దిగగానే ఒక పొట్లం వగ్గాని, అంటే మరమరాల తాలింపు, అందులోకి మిర్చి. అవి లేకపోతే ఆయనకు ఆ రోజు గడిచినట్టు కాదు.

చివరికి ఛాతీలో మంట మొదలై లింగసుగూరు వెళ్తే, డాక్టరు నూనె పూర్తిగా మానెయ్యమన్నాడు. అన్న ఆ సాయంత్రం మిర్చి బండి దాకా వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. మర్నాడు ఫోనులో ఏదో వెతికాడు. వారం తిరిగేసరికి పెద్ద అట్టపెట్టె వచ్చింది. అందులో నల్లగా నిగనిగలాడే ఎయిర్ ఫ్రయర్. "నూనె లేకుండా మిర్చి తమ్ముడూ! డాక్టరుకీ కోపం రాదు, నాకూ ఏడుపు రాదు" అని ఆ సాయంత్రమే శనగపిండి జారుగా కలిపి, మిరపకాయలు ముంచి ఆ బుట్టలో పేర్చాడు. బుట్ట అడుగున చిల్లులుంటాయన్న సంగతి ఆ ఉత్సాహంలో ఎవరికీ తోచలేదు. పిండంతా చిల్లుల్లోంచి జారి కింద గట్టిపడింది. మిరపకాయలు మాత్రం బట్టలు విప్పినట్టు పైన మిగిలాయి. అన్న మొహం చూసి, రేడియో కూడా ఆ రోజు ప్రసారం ఆపేశాడు.

అప్పుడు ఆ పెట్టెలో వచ్చిన పుస్తకం తీసి చదివింది నేను. (ముగ్గురిలో నేనొక్కణ్ణే. ఇది ఎవరూ ఎప్పుడూ గుర్తుచేసుకోరు.) బుట్టకు ఉన్న నలుపు మాడు కాదు, పదార్థం అంటుకోకుండా వేసిన పూత. దాన్ని ఇనుప పీచుతో తోమకూడదు, స్టీలు గరిటె తగలనివ్వకూడదు, వేడిగా ఉండగా చల్లనీళ్ళు పోయకూడదు. బాలింత ఇంట్లో పసిబిడ్డకు పోసినట్టు గోరువెచ్చని నీళ్ళు పోసి, గిన్నెల సబ్బు రెండు చుక్కలు వేసి కాసేపు నానబెట్టాలి. మెత్తటి స్పాంజితో తుడవాలి. చిల్లుల్లో ఇరుక్కున్నదాన్ని మెత్తటి పాత బ్రష్షుతో నెమ్మదిగా తీయాలి. తడి లేకుండా ఆరబెట్టాలి. ఆ రాయిలాంటి పిండిని అలాగే నానబెట్టి, మళ్ళీ నానబెట్టి, గీత పడకుండా వదిలించాను. అన్న బుట్టను వెలుతురుకి పట్టి చూసి, "ఇక ఇది నీ చేతుల్లో పెడుతున్నా తమ్ముడూ. నా ప్రాణం ఇందులో ఉంది" అన్నాడు. ఉద్యోగంలో చేరాక ఒక మనిషి నన్ను నమ్మి ఒక వస్తువు అప్పగించడం అదే మొదలు. ఆఫీసులో స్టేప్లర్ కూడా నా చేతికిచ్చేవారు కాదు.

ఆ తర్వాత పిండి గట్టిగా కలిపి, కాయలకు దట్టంగా పట్టిస్తే మిర్చి బాగానే వచ్చేవి. అన్న వదినతో ఫోనులో రోజూ బుట్ట సంగతే. "ఏం చేస్తున్నావంటే బుట్ట కబుర్లు చెబుతాడేంటి నీ మొగుడు అని మా అమ్మ నవ్వుతోంది" అని ఆవిడ అనడం ఫోనులోంచి మాకు వినబడేది. అంతలో నాట్లు వచ్చాయి, అన్న సెలవు పెట్టి క్యాంపుకు వెళ్ళాడు. అదే సమయానికి ఆయనకు ఫ్యామిలీ క్వార్టర్ కూడా వచ్చింది. నాట్లు ముగియకుండా అన్న కదలలేడు కనుక, సామాను వేసుకుని వదిన, వాళ్ళన్నయ్య ఒకరోజు ముందుగా హట్టికి వచ్చారు. ఆ క్వార్టర్‌కు ఇంకా సున్నం కొడుతున్నారు. వాళ్ళన్నయ్య అక్కడ సామాను దగ్గర ఉండిపోయి, వదినను మా క్వార్టర్‌లో దింపాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన రేడియో కళ్ళు తెరవకుండానే తలుపు తీసి, మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు.

ఇక్కడ క్యాంపు ఆడవాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. అక్కడ రైసుమిల్లు లేని దారి లేదు, మిల్లు ఊక బూడిద లేని పెరడు లేదు. బూడిద, కొబ్బరిపీచు పెట్టి తోమితే గిన్నెలో మొహం కనబడాలి. కొత్త కోడలు ఎలాంటిదో ఆమె బోర్లించిన గిన్నెల అడుగులు చూసి తేలుస్తారు. కాపురానికి వస్తూ వదిన బియ్యం, పచ్చళ్ళతో పాటు ఒక సంచి ఊక బూడిద కూడా తెచ్చుకుంది. మొగవాళ్ళ వంటింట్లో అడుగుపెట్టగానే ఆమె కంటికి మొదట కనబడింది, లోపలా బయటా నల్లగా ఉన్న ఒక బుట్ట.

నేను పొద్దుటి షిఫ్టు దిగి వచ్చేసరికి నల్లా దగ్గర పీట వేసుకుని, మోచేతుల దాకా బూడిదతో ఆవిడ కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది.

"వచ్చావా తమ్ముడూ! మీ అన్నయ్య నీ గురించి చెప్పారులే. ఏంటయ్యా మీరు, గిన్నె ఇంత మాడేదాకా ఏం చేస్తున్నారు? పొద్దుట్నించీ తోముతుంటే చేతులు పడిపోయాయి. ఇదిగో చూడు, లోపల వెండిలా ఉంది. మీరెప్పుడైనా చూశారా అసలు?"

నిజంగానే వెండిలా ఉంది. నేను అక్కడే, చేతిలో టిఫిన్ డబ్బాతో నిలబడిపోయాను.

"వదినా, అది మాడు గాదు."

"మాడు కాకపోతే ఏంటి, కాటుకా?"

"పూత వదినా. చేసేటోళ్ళే నల్లగ పూసి ఇస్తరు, ఏం అంటుకోకుంట."

"నల్లగా పూసి అమ్మితే కొనేవాళ్ళు కూడా ఉంటారా?"

"అన్న కొన్నడు గద."

ఆమె చేతిలో పీచు ఆగింది. బుట్టను ఇటూ అటూ తిప్పింది. "ఆయన ఫోనులో చెప్పే బుట్ట... ఇదేనా?" అంది, గొంతు బాగా తగ్గించి. నేను తలూపాను. కాపురానికి వచ్చిన మొదటి రోజు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేతులకు బూడిద కాబట్టి భుజానికి తుడుచుకుంది. "తమ్ముడూ, నువ్వు మాత్రం నోరు తెరవకు. సమయం చూసి నేనే చెబుతాను" అంది. "తెరవను వదినా" అన్నాను. నేను చేసిన తప్పు ఏదైనా ఉంటే ఆ రెండు మాటలే. ఆమె చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. ఎక్కడైనా కొంచెం నలుపు బతికుందేమో చూద్దామని నేను పీట మీద కూర్చుని బుట్టను చేతుల్లోకి తీసుకున్నాను. బూడిదంతా నాకు అంటుకుంది. సరిగ్గా అప్పుడే రేడియోకు మెలకువ వచ్చింది.

"అరే భాయ్! బుట్టను పూర ఖరాబ్ జేసినవ్ గదరా! పుస్తకం చదివినోనివి నువ్వే ఇట్ల జేస్తే ఎట్ల?"

"నేను గాదు."

"మరి ఎవరు?"

వంటింట్లో గిన్నె ఒకటి చప్పుడయ్యింది. నేను నోరు మూసుకున్నాను. "కొత్త మనిషి ఇంట్ల ఉండంగనే ఇజ్జత్ తీసినవ్ పో" అని రేడియో చొక్కా వేసుకుని బయటికి నడిచాడు. వాడు ఎందుకు నడిచాడో మీకు తెలుసు.

మర్నాడు సింధనూరు బస్సు దిగి అన్న వచ్చాడు. దారిలోనే ఎవరో చెప్పినట్టున్నారు, చేతి సంచి కూడా దింపకుండా బుట్ట అడిగాడు. ఇచ్చాను. తిప్పి చూశాడు. అడుగున ఒక చిల్లులో వేలు పెట్టి తీసి, వేలి కొసకు అంటిన బూడిదరంగు పొడిని కాసేపు చూశాడు. వదిన టీ గ్లాసుతో వంటింటి గుమ్మంలో ఉంది. నేను ఆమె వైపు చూశాను. సమయమంటే ఇంతకంటే మంచి సమయం ఏముంటుంది? ఆమె టీ వైపు చూసింది. అప్పుడు అన్న నా భుజం మీద చెయ్యి వేసి, అవసరం లేనంత గట్టిగా అన్నాడు: "పోనీలే తమ్ముడూ. తెలియక జరిగింది. బుట్టదేముంది, ఇంకోటి కొనుక్కుందాం."

తిట్టి ఉంటే బాగుండేది. తిడితే ఎదురు మాట్లాడొచ్చు, రోషపడొచ్చు, నాలుగు రోజులు అన్నం మానేయొచ్చు. చేయని పనికి క్షమిస్తే ఆ క్షమను ఏం చేసుకోవాలి? ఎక్కడ పెట్టుకోవాలి? ఆ వారంలోనే కాలనీలో నా పేరు వెండిబుట్ట అయింది. "వెండిబుట్టకు ఓ టీ ఇయ్యి" అంటే కాంటీన్‌లో నాకే ఇచ్చేవారు. పనిలో ఏ వస్తువైనా తుడవమని ఇచ్చేటప్పుడు, "మెల్లగ, నీ చెయ్యి బలం మాకు ఎరికే" అనేవారు. నేను కాదంటే ఎవరని అడుగుతారు. ఎవరో చెప్పనంటే నవ్వుతారు. ఇన్నేళ్ళుగా ఇదే నడుస్తోంది.

అన్న వాళ్ళింట్లో ఇప్పుడు కొత్త ఫ్రయర్ ఉంది. నేను వెళ్ళినప్పుడల్లా అన్న చుట్టాలకు నన్ను చూపించి, "ఇతన్ని దాని దగ్గరికి మాత్రం వెళ్ళనివ్వకండి" అంటాడు. అందరూ నవ్వుతారు. వదిన నవ్వదు. మెత్తటి స్పాంజితో బుట్ట తుడిచి, గుడ్డ మీద బోర్లించి, నా ప్లేటులో అందరికంటే ఎక్కువ మిర్చి పెడుతుంది. "ఇంకో రెండు వేసుకో తమ్ముడూ" అంటుంది. ఒకసారి లింగసుగూరు బస్టాండులో ఒంటరిగా కనబడితే అడిగేశాను: "వదినా, ఆ సమయం ఇంక రాలేదా?" "పిల్లకి జ్వరంగా ఉంది తమ్ముడూ, ఇప్పుడా?" అంది. నిజమే, పిల్లకు జ్వరంగానే ఉంది. ఆ తర్వాత జ్వరం తగ్గింది. నేను చూశాను కూడా.

మొన్న మా ఇంట్లోకీ ఎయిర్ ఫ్రయర్ వచ్చింది. తోమే పని మా ఆవిడ నాకే అప్పగించింది. "మీకు అలవాటే గద" అంది. (ఆ మాట నేను గుర్తుపెట్టుకున్నాను.) గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పాత బ్రష్షుతో చిల్లులు శుభ్రం చేస్తుంటే, వేలి కొసకు ఏదో బూడిదరంగు నలుసు అంటింది. దాన్ని చూస్తూ అలాగే ఆగిపోయాను. మస్కిలో మా ఇళ్ళల్లో ఊక బూడిద ఎక్కడిది? మేము సబ్బు పొడి వాడేవాళ్ళం. హట్టిలో మా క్వార్టర్‌లో అయితే అదీ ఉండేది కాదు, చుక్కలు వేసే గిన్నెల సబ్బు ఒక్కటే. అన్న పుట్టి పెరిగింది ఆ బూడిద కుప్పల మధ్య. వేలి కొసన చూడగానే ఆయనకు ఎవరి చెయ్యో తెలియకుండా ఉంటుందా? నా భుజం మీద చెయ్యి వేసి, వంటింట్లోకి వినబడేంత గట్టిగా ఎందుకు అన్నాడు?

సింకు దగ్గర ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మోచేతుల దాకా బూడిదతో, ఇచ్చిన మాట కోసం పళ్ళు బిగించి నిలబడ్డ ఆ ఒత్తు జుట్టు కుర్రవాడు కళ్ళ ముందు కనబడ్డాడు. ఒక కొత్త కాపురం మొదటి పేచీ వాడి భుజం మీదుగా దాటిపోయింది, వాడికి తెలియనే లేదు. పాపం, ఎంత గంభీరంగా నిలబడ్డాడో. అంతలో మళ్ళీ ఒళ్ళు మండింది. తెలిసీ ఇన్నేళ్ళు నన్ను వెండిబుట్ట అననిచ్చారా?

అన్నా, ఆ "పోనీలే" ఎవరికి చెప్పావు? నాకైతే వెనక్కి తీసుకో, నాకది వద్దు. వదినకైతే, ఆ మాట నలుగురిలో చెప్పు. రేడియో ముందు చెబితే చాలు, మిగతాది వాడు చూసుకుంటాడు. వదినా, నోరు తెరవనన్నాను, తెరవలేదు. రాయనని మాత్రం అనలేదు. ఇద్దరిలో ఎవరైనా సరే, వచ్చే ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను, ఈసారి ప్లేటులో మిర్చి కంటే ముందు జవాబు పెట్టండి.