ఐదున్నరకు పాదాల తనిఖీ

మంచుకొండల మీది ఆ సైనిక పోస్టుకు మేం మార్చి మొదటి వారంలో చేరాం. బేస్ నుంచి నాలుగు రోజుల నడక, మంచు చీలికల్లో పడకుండా అందరి నడుములకూ ఒకే తాడు. ఎత్తు పదిహేడు వేల అడుగుల పైనే. పగలు సున్నాకు కింద పదిహేను డిగ్రీలు, రాత్రి ముప్పై. ఒక ఫైబర్ గుడిసె, ఒక కిరోసిన్ స్టవ్, ఆరుగురం. బోధన్ చెరకు తోటల మధ్య ఎండలో పెరిగిన నాకు అక్కడ ఊపిరి తీయడమే పెద్ద పని అయింది.

పోస్ట్ కమాండర్ సుబేదార్ సాబ్ మొదటి రోజే ఒక ఆజ్ఞ గట్టిగా చెప్పాడు. "ఇక్కడ శత్రువు కంటే ముందు మంచు చంపుతుంది. రోజూ సాయంత్రం ఐదున్నరకు జోడీలు బూట్లు విప్పాలి. ఒకరి పాదాలు ఒకరు చూడాలి. ఎవరివి వాళ్లు చూసుకుంటే కుదరదు."

ఇంటి దగ్గర ఉండేవాళ్లకు ఇది వింతగా అనిపిస్తుంది. మంచు కొరికిన వేలు నొప్పి పెట్టదు. తిమ్మిరెక్కి ఊరుకుంటుంది. అవతలివాడే పట్టుకుని నొక్కి, రంగు చూసి చెప్పాలి. ఆరింటికి ఆ సంగతి రేడియోలో కింది పోస్టుకు చేరాలి.

నా జోడీ మెషిన్‌గన్ పట్టే అన్న. జక్రాన్‌పల్లి పసుపు రైతు కొడుకు, నాకంటే ఆరేళ్లు పెద్ద. అంత దూరాన మన జిల్లా మాట వినపడటమే నాకు పండగ. మొదటి సాయంత్రం నా ఒళ్లో పాదం పెట్టడానికి ఆయన సిగ్గుపడ్డాడు.

"నీతోని కాళ్లు పట్టిచ్చుకునుడేంది తమ్మీ, పాపం తగుల్తది."

"మా యేసు ప్రభువే శిష్యుల కాళ్లు కడిగిండన్నా. నాకేం నామోషి లేదు. ఇటియ్యి."

గొప్పగానే అన్నాను. వారానికోసారి దొరికే శాటిలైట్ ఫోన్‌లో నన్ను కన్న మా అవ్వకు కూడా గొప్పగానే చెప్పాను. అవ్వ పాస్టర్ అయ్యగారి చెవిన వేసింది. ఆయన ఆదివారం వాక్యంలో గోరంతను కొండంత చేశాడు. మరుసటి వారం ఫోన్‌లో అవ్వ గొంతు వణికింది. "సంఘమంత నీ ముచ్చటనే బిడ్డా. మనోడు మంచుల సిపాయిల కాళ్లు పడుతున్నడని అయ్యగారు సెప్తుంటె అందరు ఏడ్సిండ్రు." నా ఛాతీ ఉబ్బింది. దాచడమెందుకు, బాగానే ఉబ్బింది.

ఈస్టర్‌కు ముందు శ్రమల వారం వచ్చింది. ఊళ్లో ఆ వారమంతా సాయంత్రం ఐదున్నరకు ప్రార్థన కూడిక. చిన్నప్పటి నుంచి నేను ఒక్కటీ తప్పలేదు. పోస్టులో ఉన్నంత మాత్రాన తప్పకూడదనుకున్నాను. సోమవారం సరిగ్గా ఐదున్నరకు స్లీపింగ్ బ్యాగ్ మీద మోకరించాను. అన్న బూటు లేసు విప్పబోతూ నన్ను చూసి ఆగాడు.

"సేసుకో తమ్మీ, సేసుకో. నా కాళ్లకేమైతది, మంచిగనే ఉన్నయి."

నేను మోకాళ్ల మీద ఉండగానే ఆయన వెనక నుంచి నా బూట్లు లాగాడు. ఒక్కో వేలు నొక్కి చూశాడు. పౌడర్ చల్లి, పొడి సాక్సులు తొడిగాడు. ఆమెన్ అనేసరికి నా పాదాలు వెచ్చగా ఉన్నాయి. టైమ్ ఆరు. రేడియో ఆపరేటర్ మా వైపు తిరిగి, "రెండో జోడీ పాదాలు?" అని అడిగాడు.

"ఠీక్," అన్నాను.

మంగళవారం కూడా అంతే. బుధవారం కూడా అంతే. అబద్ధం ఆడుతున్నానని అనిపించలేదు. నేను దేవుడి పనిలో ఉంటే నా పని దేవుడు చూసుకోడా అనుకున్నాను. దానికి విశ్వాసమని పేరు పెట్టుకున్నాను. ఆ చలిలో చేతి తొడుగులు తీసి ఇంకొకరి పాదం రుద్దడం కంటే కళ్లు మూసుకోవడం సుఖంగా ఉంది. అసలు సంగతి అది.

గురువారం పొద్దున ఆరింటికి సెంట్రీ డ్యూటీ దిగి వస్తూ అన్న గుడిసె ముందు కూలబడ్డాడు. ఎడమ కాలి సాక్సు తీస్తే వేళ్లు ఐదూ బూడిద రంగులో ఉన్నాయి. రెండు అప్పటికే నల్లబడ్డాయి. నర్సింగ్ అసిస్టెంట్ తల అడ్డంగా ఊపాడు. "ఇది ఇవాళ్టిది కాదు సాబ్. రెండు మూడు రోజులది."

సుబేదార్ సాబ్ నా వైపు తిరిగాడు. "రోజూ చూశావా?"

నేను నోరు తెరిచేలోపే అన్న హిందీలో అందుకున్నాడు. "చూశాడు సాబ్, రోజూ చూశాడు. నిన్న తడి సాక్సు మార్చుకోనిది నేనే."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు. హెలికాప్టర్ రావడానికి రెండు రోజులు వాతావరణం ఒప్పుకోలేదు. శనివారం మధ్యాహ్నం ఆయన్ని ఎక్కించాం. మర్నాడు ఈస్టర్. ఆ రోజు నాకు ప్రార్థన రాలేదు. ఐదు వేళ్లూ తీసేశారని పది రోజులకు రేడియోలో తెలిసింది.

జూన్‌లో కిందికి దిగాం. సెలవు మీద బోధన్ వచ్చేసరికి మా సంఘంలో కృతజ్ఞత కూడిక పెట్టారు. శాలువా కప్పారు. సాక్ష్యం చెప్పమని మైకు చేతికిచ్చారు. "దేవుడు నన్ను క్షేమంగా తెచ్చాడు," అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. ప్రేమవిందులో అవ్వ కొసరి కొసరి వడ్డించింది కానీ సగంలోనే లేచాను.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి నిజామాబాద్, అక్కడి నుంచి జక్రాన్‌పల్లి వెళ్లాను. ఉన్నది ఉన్నట్టు చెప్పి క్షమించమని అడగాలనుకున్నాను. వదిన నన్ను గుర్తుపట్టి, కాళ్లకు నీళ్లని చెంబు తెచ్చింది. అన్న లోపలి నుంచి గోడ పట్టుకుని వచ్చి ఆమె చేతిలోంచి చెంబు తీసుకున్నాడు.

"చెప్పులిడువు తమ్మీ."

చెంబు అందుకోబోయాను. ఇవ్వలేదు.

"అన్నా, ఆ మూడు దినాలు నేను నీ కాళ్లు సూడలే. సుబేదార్ సాబ్‌కు నువ్వెందుకు గట్ల సెప్పినవ్?"

"నీ నౌకరి పోతుండెగద." చెంబు ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఒకటడుగుత, నిజం సెప్పు. మూడు దినాలు అంతసేపు మొక్కినవ్. అండ్ల నా పేరు తీసుకున్నవా?"

అవ్వ కోసం అడిగాను. బాపు దగ్గు కోసం అడిగాను. సంఘం కోసం, నా ప్రమోషన్ కోసం అడిగాను. నా పాదాలు పట్టుకుని వెనక కూర్చున్న మనిషి పేరు ఒక్కసారీ నా నోటికి రాలేదు.

"లేదన్నా."

"గట్లనా," అన్నాడు.

ఫౌజు వదిలి వచ్చి ఏళ్లయింది. కూడికలో కళ్లు మూసుకుంటే ఇప్పటికీ కనపడేది ఒక్కటే. ఆ రోజు అన్న ఎడమ మడమ మీద బరువు మోపి వంగాడు. నా కుడి పాదం మీద నీళ్లు పోసి, వేళ్ల మధ్య మట్టి పోయేదాకా రుద్దాడు. తర్వాత, "ఆ కాలు గూడ ఇటియ్యి," అన్నాడు.