రెండు స్టాంపుల ఫారం

తొంభైల చివర, హైటెక్ సిటీలో అద్దాల భవనం కొత్తగా తెరిచిన రోజుల్లో, నేను అందులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేదాన్ని. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. సొంత తప్పులు వెతకడానికి విడిగా జీతం ఇవ్వరు గనక వాటి జోలికి పోయేదాన్ని కాదు.

కొండాపూర్‌లో ముగ్గురం అమ్మాయిలం ఒక వాటా అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. ఏడాదిన్నర తిరిగేసరికి నా చేతిలో నలభై వేలు మిగిలాయి. బ్యాంకులో వేస్తే అది మా నాన్న చేసే పని. నేను ఆధునికురాలిని గనక మ్యూచువల్ ఫండ్‌లో వేద్దామనుకున్నాను. ఆఫీసు కంప్యూటర్‌లో పెద్ద పట్టిక తయారుచేశాను. డబ్బు కట్టేటప్పుడు కోసుకునేది ఒక గడి, ఏటా కోసుకునేది ఇంకో గడి, తీసుకునేటప్పుడు కోసుకునేది మరో గడి. కట్టేటప్పుడు కోసుకునేదాన్ని ఎంట్రీ లోడ్ అంటారని తెలిసి నవ్వొచ్చింది. అప్పట్లో మా వీధిలో లోడ్ అంటే ఇసుక లారీయే.

"చీర కొన్నప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు కదే నువ్వు," అంది పక్క సీటు అమ్మాయి.

"చీర ఏడాదికోసారి నన్ను కోసుకోదుగా."

"చీర కట్టుకుంటావా, పెట్టుబడి పెట్టుకుంటావా తేల్చుకో మరి!"

ఆ పట్టికలో సగం గడులు నింపింది నిజానికి నేను కాదు. ప్రతి మంగళవారం మధ్యాహ్నం లింగంపల్లి నుంచి బస్సులో ఒకామె వచ్చేది. నలభై అయిదేళ్లుంటాయి. పోస్టాఫీసులో నెలనెలా కట్టే పొదుపు ఖాతాలకు ఏజెంటు. కొత్తగా మ్యూచువల్ ఫండ్లు కూడా మొదలుపెట్టింది. ఆ కమిషనే ఆమెకు జీతం. సెక్యూరిటీ వాళ్లు లోపలికి రానివ్వరు గనక పార్కింగ్ పక్కన సిమెంటు గట్టు మీద కూర్చునేది. మేమంతా అక్కా అనేవాళ్లం. నా కోసం నాలుగు కంపెనీల కాగితాలు తెచ్చి, మూడు మంగళవారాలు ఓపిగ్గా చెప్పింది. ఇండెక్స్ ఫండ్ అనే మాట మొదట విన్నది ఆమె నోటే.

"గిదేందంటే బిడ్డా, బజార్ల ఉన్న పెద్ద పెద్ద కంపెనీలు అన్నిట్ల జర జర పెడ్తరు. బజారు లేస్తె లేస్తది, పడ్తె పడ్తది. దీంట్ల ఎవ్వరి తెలివి అక్కర లేదు. తెలివి లేదు గాబట్టి దానికి పైసలు కోసుడు గూడ తక్కువ."

తెలివి అక్కర్లేని పథకం అనగానే అది అచ్చంగా నాకోసమే పుట్టిందనిపించింది.

"మరి ఇందులో మీకెంత వస్తుందక్కా?"

"అన్నిట్ల కన్న తక్కువ. నాకు తక్కువొస్తెనే నీకు తక్కువ పోతది. నీకు ఏది మంచిదని అడిగినవ్, గది చెప్పిన."

ఆ మాట నేను గౌరవంగా విన్నాను. విని, పట్టికలో ఎక్కించుకున్నాను.

ఫారం కూడా ఆమే నింపింది. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం, ముత్యాల్లా. పైన మూలన తన కోడ్ ఉన్న రబ్బరు స్టాంపు వేసింది. ఆ కోడ్ ఎవరిదైతే కమిషన్ వాళ్లకు పోతుంది. నా చెక్కుబుక్కు ఇంకా రాలేదు గనక ఫారం నా చేతికిచ్చి, "చెక్కు రాంగనే చెప్పు, వచ్చి తీస్కపోత," అని బస్సెక్కింది.

ఆ వారంలోనే మా గదిలోని అమ్మాయి ఒక సంగతి చెప్పింది. అమీర్‌పేటలో ఒక ఏజెంటు తన కమిషన్‌లో సగం కట్టినవాళ్లకే తిరిగి ఇచ్చేస్తాడట. ఊళ్లో చాలామంది ఏజెంట్లు అలా ఇస్తారట, అడగాలంతే. నేను వెంటనే పట్టికలో ఇంకో గడి గీశాను: వెనక్కి వచ్చేది. నా నలభై వేలకు అది రెండు వందలు. అరపూట సెలవు, ఆటో ఖర్చు రాసే గడి మాత్రం గీయలేదు.

చెక్కుబుక్కు చేతికి రాగానే అమీర్‌పేట వెళ్లాను. ఆ ఏజెంటు చాలా మర్యాదస్తుడు. "రండి మేడం, కూర్చోండి," అని నా ఫారం చూసి, "ఎంత నీటుగా నింపారండీ! మళ్లీ రాయడం దండగ. ఆ స్టాంపు కొట్టేసి పక్కన సంతకం పెట్టండి, నాది వేసేస్తాను," అన్నాడు.

కొట్టేయడం అన్న మాటకు మన భాషలో రెండర్థాలు. ఆ మధ్యాహ్నం నేను ఒక్క గీతతో రెండూ కానిచ్చేశాను. ఆయన తన స్టాంపు వేసి, జేబులోంచి వందరూపాయల నోట్లు రెండు తీసిచ్చి, "ఫండ్ ఆఫీసుకు నేను రేపుగానీ వెళ్లనండి. తొందరైతే పంజాగుట్టలో మీరే ఇచ్చేయండి," అన్నాడు. ఎలాగూ సెలవు పెట్టాను కదా అని వెళ్లాను.

ఫారాలు తీసుకునే ఆఫీసులో ఒకటే కిటికీ. లోపలి కుర్రాడు నా ఫారం తిప్పి తిప్పి చూశాడు.

"రెండు స్టాంపులున్నయ్ మేడం. ఏ కోడ్ ఎక్కియ్యాలె?"

"రెండోది. మొదటిది కొట్టేశాను కదా, సంతకం కూడా ఉంది."

"గట్ల నడవదు. మొదటి ఏజెంటు గూడ ఒప్పుకోవాలె." అతను నా భుజం మీదుగా చూసి గొంతు పెంచాడు. "అమ్మా, ఇగో, ఇది మీ స్టాంపే గదా? జర చూడున్రి."

నా వెనక ఇద్దరి తర్వాత, చేతిలో ఫారాల కట్టతో, అక్క నిలబడి ఉంది.

ముందుకొచ్చి ఫారం చేతిలోకి తీసుకుంది. తన అక్షరాలు, తన స్టాంపు, దాని మీద నా గీత. ఆ ఫారం చదవడానికి రెండు నిమిషాలు అక్కర్లేదు. అయినా పైనుంచి కిందిదాకా చదివింది. నేను గోడ మీద అతికించిన సెలవుల జాబితాను ఎంతో శ్రద్ధగా చూశాను.

"నాదే," అంది. "తప్పు పడ్డది. నేనే కొట్టెయ్యుమన్న. ఆ రెండోదే ఎక్కియ్యి."

నా గీత పక్కన తను కూడా సంతకం చేసింది. కుర్రాడు రసీదు కొట్టి ఇచ్చాడు.

బయట మెట్ల మీద ఆమె కోసం ఆగాను. పారిపోవడానికి కూడా ధైర్యం కావాలి. తన పని ముగించుకుని వచ్చి, నన్ను చూసి, "చెక్కు మీద సంతకం బాంకుల ఉన్నట్టే చేసినవా?" అని అడిగింది. చేశానన్నాను.

"ఎంతిచ్చిండు?"

"రెండొందలు."

"నన్నడిగితే నేనియ్యకపోదునా, బిడ్డా?"

ఆ మాటలో కోపం ఉంటే బతికిపోయేదాన్ని. ఆమెను నిజంగానే ఆ అనుమానం వేధిస్తున్నట్టుంది: అడగడానికి వీల్లేనంత గట్టి మనిషిలా తను కనిపించిందా అని. పర్సులోంచి ఆ రెండు నోట్లూ తీసి చాపాను.

"నీ పైసలు నాకెందుకు? లోపల పెట్టు, బజార్ల ఉన్నం." లింగంపల్లి బస్సు కనబడగానే కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

మంగళవారాలు ఆమె రావడం మానలేదు. నేనే కిందికి దిగడం మానేశాను. రెండు నెలల తర్వాత పక్క సీటు అమ్మాయి, తనకీ అలాంటి ఫండ్ కావాలని, తోడు రమ్మని చెయ్యి పట్టుకు లాక్కెళ్లింది. అక్క నన్ను చూసి, "మంచిగున్నవా?" అంది. తర్వాత సంచి తెరవబోయి ఆగి, ఆ అమ్మాయిని అడిగింది.

"ముందుగాల్నే చెప్పు బిడ్డా, నీకు వేరే ఏజెంటు ఎవరన్న ఉన్నడా? ఉన్నా ఫరక్ లేదు. నాకు తెల్సింది చెప్త. ఫారం మాత్రం ఆయన తోటే నింపిచ్చుకో."

ఎవరూ లేరని చెప్పాక సంచి తెరిచింది. నన్ను ఆమె ఇలా అడగలేదు. పైకి వస్తుంటే మెట్ల దగ్గర ఆ అమ్మాయి నా చెవిలో అంది:

"చూశావా, ఎంత ప్రొఫెషనల్‌గా మాట్లాడుతోందో ఇప్పుడు!"

అవునన్నాను.