మృగశిర నాటి వాగుమూతి

చేపల శాఖలో శాకాహారిని నేను. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి చిక్కడపల్లిలో ఒక వాటా అద్దెకు తీసుకున్నప్పుడు, ఇంటివాడు నా జీతం అడగలేదు. "చాపలు తెస్తవా పంతులూ?" అన్నాడు. తేనన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది.

అరవై తొమ్మిది వేసవి చివర. ఉద్యమం వేడి మీద ఊళ్లో రోజూ ఏదో ఒక బంద్. నా గొడవ మాత్రం ఊరవతల ఒక చెరువు గురించి. తొలకరికి వాగునీరు చెరువులో పడగానే చేపలు ఆ నీటికి ఎదురెక్కి, వాగుమూతి దగ్గర గడ్డిలో గుడ్లు పెడతాయి. సరిగ్గా అప్పుడే మృగశిర కార్తె వస్తుంది. ఆ రోజు చేప ఉడకని పొయ్యి ఈ ఊళ్లో పొయ్యి కింద లెక్కే కాదు. అందులోనూ గుడ్ల చేపకు మరీ గిరాకీ. అంచేత జాలర్లు వాగుమూతికి అడ్డంగా వల కట్టేవారు. ఎక్కిన చేప ఎక్కినట్టే బుట్టలోకి దిగేది.

చెరువు మొత్తం వేటకు మూసెయ్యాలన్నారు పై అధికారులు. మొత్తం మూస్తే దొంగచాటు వలలన్నీ మూతి దగ్గరే పడతాయి, లోతు నీళ్లలో పట్టుకోనిచ్చి మూతి ఒక్కటీ వదిలెయ్యమందాం అన్నాను నేను. జాలర్ల సంఘం పెద్ద సరేనన్నాడు. "ఒక్క ఏడు చూద్దాం. వాళ్లు మాట తప్పితే మొత్తం మూతే" అని పైవాళ్లు తేల్చేశారు.

మృగశిరకు ముందు రోజు మధ్యాహ్నం లోయర్ ట్యాంక్ బండ్ వైపు నుంచి మబ్బు లేచింది. బస్సులు లేవు. చెరువుకు పోవడానికి ఏదైనా లారీ దొరుకుతుందేమోనని నారాయణగూడ దాకా నడిస్తే పోలీసులు వెనక్కి పంపారు. ఊళ్లో అన్నీ మూతపడ్డాయి. నేను మూయమన్న మూతి ఒక్కటే ఎలా ఉందో తెలియదు. వసారాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరగసాగాను.

"ఏంది పంతులూ, గట్ల తిరుగుతున్నవ్? జర కూసో."

"వాన పడితే చేపలు ఎక్కుతాయండీ."

"ఎక్కనీ. రేపు నా పొయ్యి మీదికి ఎక్కుతయి."

సాయంత్రం వాన దంచింది. రైతుకు బంగారం, నాకు జాగారం.

తెల్లవారగానే సంచీతో ముషీరాబాద్ చేపల బజారుకు బయలుదేరిన ఇంటివాడికి నేనూ తోడయ్యాను. "శాకాహారివి, నాకంటె ముందు నడుస్తున్నవేంది?" అన్నాడాయన వగరుస్తూ.

సంఘం పెద్ద భార్య రెండు బుట్టలు ముందేసుకుని కూర్చుంది. నన్ను చూడగానే గొంతెత్తింది.

"రా సార్, రా! నీ మాట ఇని మా ఆయన నా నోట్ల మట్టి గొట్టిండు."

"మూతి దగ్గర వల కట్టలేదా అమ్మా?"

"ఏడ కట్టిండు! గొంగడి కప్పుకొని ఆ గడ్డి కాడ్నే కూసున్నడు, ఎవ్వర్ని రానియ్యక. లోతుల దొరికినయి గివే."

నమ్మాలని ఉంది. కానీ ఎదురెక్కే చేప పొట్ట మెల్లగా నొక్కితే చాలు, గుడ్లు కారతాయి. లోతు నీటి చేపకు కారవు. పుస్తకంలో చదివానే గాని వేలితో ముట్టి ఎరగను. ఆ రోజు ముట్టాను.

"అయ్యో, పంతులు మైలపడ్డడు!" అన్నాడు ఇంటివాడు సంతోషంగా.

మొదటి బుట్టలో ఏ చేప పొట్టా చెమ్మగిల్లలేదు. ఆ ధైర్యంతో రెండో బుట్టలో చెయ్యి పెట్టాను. పసుపుపచ్చ గుడ్లు వేలి వెంట జలజలా జారాయి.

"ఇవేమిటమ్మా?"

"గవి మావి కావు సార్. పక్క చెరువోళ్లవి. గిరాకోళ్లంత గుడ్లు, గుడ్లు అంటుంటె నేనేం జెయ్యాలె? కొనుక్కొచ్చి అమ్ముతున్న."

ఈలోగా ఇంటివాడు ఆ బుట్టలోంచే ఒకటి ఏరి సంచీలో వేసుకున్నాడు.

మా చెరువు మాట నిలబెట్టుకుంది. పైవాళ్ల ముందు తలెత్తుకోవచ్చు. ఇంటికి పోయి స్నానం చేసి పడుకోవలసినవాణ్ణి. కాళ్లు నిలవలేదు. మా మూతి మూశామని మురిసిపోతే, గిరాకీ పక్క చెరువు మూతి దగ్గర తేలింది. అక్కడ ఇంకా నీరు పారుతూనే ఉంటుంది.

"ఆ చెరువుకు దారెటమ్మా?"

"బస్సులేడివి సార్?"

"నడుస్తాను."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, చేత్తో దిక్కు చూపించింది.

"ఆ చెరువు సంఘం పెద్ద మా అన్ననే. నేను చెప్పిన్నని మాత్రం అనకు సార్. వచ్చే మృగశిరకు నాకు జెల్ల చాపపిల్ల గూడ ఇయ్యడు."